మాటిచ్చారు సరే... లెక్క అడిగేదెవరు?

పాలు పోయించుకునే ఇంట్లో గోడమీద కేలండర్ ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. పండగలూ ఏకాదశులూ చూసుకోవడం ఒక ఎత్తయితే, పాలవాడు రాని రోజున సున్నా చుట్టడం ఇంకో ఎత్తు. నెలాఖరున అతని పుస్తకంలో లెక్కనీ, మన కేలండర్లో లెక్కనీ దగ్గర పెట్టుకుని చూసుకుంటాం. కలిస్తే డబ్బిస్తాం, కలవకపోతే మాట్లాడుకుంటాం. అతను అబద్ధం చెబుతాడని కాదు. పోసేవాళ్లే రాసుకుని, వాళ్లే కూడుకుని చెప్పే లెక్క ఎంత నిజాయితీ గలదైనా, దాన్ని చూసే రెండో మనిషి ఒకరుండాలని మనకి తెలుసు, అంతే.

ఈ చిన్న సంగతి ప్రపంచ దేశాలకి అర్థం కావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. చెట్టూ చేమా, పిట్టా పురుగూ అన్నిటినీ కాపాడుకుంటామని 1992లో దేశాలు మాటిచ్చాయి. ఆ తర్వాత గడువులు పెట్టుకున్నాయి. ఒక గడువు 2010లో దాటిపోయింది. ఇంకో గడువు 2020లో దాటిపోయింది. మూడో గడువు 2030.

'ఇదంతా పెద్దవాళ్ల వ్యవహారం, మనకెందుకులే' అని పేజీ తిప్పేయకండి. ఈ లెక్క ఎక్కడో విదేశాల్లో ముగుస్తుంది గాని, మొదలయ్యేది మన పంచాయతీ ఆఫీసులో ఉండాల్సిన ఒక పుస్తకం దగ్గర్నించి. ఆ పుస్తకంలో రాయాల్సిన సంగతులు చాలామటుకు ఆడవాళ్లకే తెలుసు.

ఏమిటా మాట?

1992 జూన్‌లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ధరిత్రీ సదస్సు జరిగింది. వాతావరణం గురించి ఒక ఒప్పందమూ, జీవవైవిధ్యం గురించి ఒక ఒప్పందమూ అక్కడే సంతకాలకి వచ్చాయి. మొదటిదాని గురించి టీవీల్లో, పేపర్లలో రోజూ వింటూనే ఉంటాం. రెండోది మాత్రం అక్క చాటున నిలబడ్డ చెల్లెల్లా ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

జీవవైవిధ్యం అనగానే మనకి పులులూ ఏనుగులూ గుర్తొస్తాయి. అది ఒక భాగమే. అడవిలో పులీ, జింకా, నెమలీ వేరువేరుగా ఉండటం ఒక వైవిధ్యం. ఒక్క వంకాయలోనే గుత్తొంకాయ కూరకి నప్పేదీ, కాల్చి పచ్చడి చేసుకునేదీ, ముళ్లవంకాయా వేరువేరుగా ఉండటం ఇంకో వైవిధ్యం. చెరువూ, మడ అడవీ, కొండా, గడ్డిబీడూ దేనికదిగా బతకడం మూడోది. ఈ మూడింట్లో ఏది తరిగినా చివరికి మన పొయ్యి మీదకే వస్తుంది.

ఆ ఒప్పందం 1993 డిసెంబర్ 29న అమల్లోకొచ్చింది. మన దేశం 1994 ఫిబ్రవరిలో ఆమోదించింది. ఇవాళ అందులో 196 మంది సభ్యులు: 195 దేశాలూ, యూరోపియన్ యూనియనూ. అమెరికా 1993లో సంతకమైతే పెట్టింది గాని, ఆమోదం మాత్రం ఇవ్వలేదు. ఒప్పందంలోని మాటలు మూడు. ఉన్న జీవరాశిని కాపాడుకోవడం, తరిగిపోకుండా వాడుకోవడం, వాడుకోగా వచ్చిన లాభంలో న్యాయమైన వాటా పంచడం. ఈ మూడిటికోసం తాను ఏం చేసిందో, దానివల్ల ఎంత ఫలితం వచ్చిందో ప్రతి దేశమూ నివేదిక ఇవ్వాలని 26వ నిబంధన చెబుతుంది. అందరూ ఏ కొలతతో కొలవాలన్నది మాత్రం అందులో లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొలత లేని మాట

పదేళ్లు గడిచాక 2002లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో దేశాలు మళ్లీ కూర్చున్నాయి. జీవరాశి నశించిపోయే వేగాన్ని 2010 నాటికి 'చెప్పుకోదగినంతగా' తగ్గిస్తామని తీర్మానించుకున్నాయి. వినడానికి బాగానే ఉంది. కానీ చెప్పుకోదగినంత అంటే ఎంత? 'ఈ ఏడాది సిగరెట్లు చెప్పుకోదగినంతగా తగ్గించేస్తానోయ్' అని భర్త మాటిస్తే, ఎన్నింటి నించి ఎన్నింటికి అని అడగని ఇల్లాలు ఉంటుందా? ఆ ప్రశ్న అక్కడ ఎవరూ గట్టిగా అడగలేదు. 2010లో ఒప్పందం తరఫున వెలువడిన ప్రపంచ నివేదిక, లక్ష్యం నెరవేరలేదని తేల్చింది. మా దేశంలో పూర్తిగా సాధించామని చెప్పుకున్న ప్రభుత్వం ఒక్కటీ లేదు.

ఆ ఏడాదే అక్టోబర్‌లో జపాన్‌లోని నగోయాలో మళ్లీ సదస్సు. ఈసారి కాస్త తెలివి తెచ్చుకుని 20 లక్ష్యాలు రాసుకున్నారు. నగోయా ఉన్నది ఐచీ అనే రాష్ట్రంలో కాబట్టి వాటికి ఐచీ లక్ష్యాలని పేరొచ్చింది. కొన్నింట్లో అంకెలు కూడా పెట్టారు. 2020 నాటికి నేలలో 17 శాతం, సముద్రంలో 10 శాతం రక్షిత ప్రాంతాలుగా ఉండాలి అన్నది వాటిలో ఒకటి.

2020 సెప్టెంబర్‌లో ఫలితాలొచ్చాయి. 20 లక్ష్యాల్లో పూర్తిగా నెరవేరింది ఒక్కటీ లేదు. ఆరు మాత్రం కొంతవరకు నెరవేరాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది, కొంచెం ఆగి చూడాలి. దేశాలు పంపిన నివేదికల్ని కూడితే, సగటున తమ లక్ష్యాల్లో మూడోవంతుకి పైగా గడువులోగా పూర్తవుతాయనే ఉంది. మరి ప్రపంచం మొత్తం ఎందుకు తప్పింది? ఎందుకంటే ఆయా దేశాలు ఇంటి దగ్గర రాసుకున్న లక్ష్యాలు వేరు, అందరూ కలిసి ఒప్పుకున్నవి వేరు. దేశాల లక్ష్యాల్లో ఐచీ లక్ష్యాలతో సరిగ్గా పొంతన కుదిరినవి 23 శాతమే. పొంతనా ఉండి, పని కూడా సక్రమంగా సాగుతున్నవి పదింట ఒకటి. పిల్లవాడు తన ప్రశ్నపత్రం తనే తయారుచేసుకుని, తనే దిద్దుకుని, 'అమ్మా, పాసయ్యాను' అన్నట్టుంది కదూ!

అలాగని చేసిందంతా వృథా అనడమూ న్యాయం కాదు. ఆ పదేళ్ల రక్షణ ప్రయత్నాలే లేకపోతే అంతరించిపోయే పక్షులూ, క్షీరదాలూ రెండు నించి నాలుగు రెట్లు ఎక్కువ ఉండేవని అదే నివేదిక లెక్కగట్టింది. పని చేసిన చోట ఫలితం ఉంది. పని చాలలేదు, అంతే.

మన ఊరికీ వచ్చిన సదస్సు

ఈ రెండు గడువుల మధ్యలో ఒకసారి ప్రపంచమంతా మన హైదరాబాద్‌కే వచ్చింది. 2012 అక్టోబర్ 8 నించి 19 దాకా ఈ ఒప్పందం 11వ సదస్సు మాదాపూర్‌లో జరిగింది. ఆ తర్వాత రెండేళ్లు అధ్యక్ష బాధ్యత మన దేశానిదే. పేద దేశాలకి జీవవైవిధ్యం కోసం ఇచ్చే డబ్బుని 2015 నాటికి రెట్టింపు చేయాలని అక్కడే ఒప్పుకున్నారు. 2006 నించి 2010 దాకా ఏటా సగటున ఇచ్చినదానికి రెట్టింపు అని లెక్క కూడా స్పష్టంగా రాశారు. మన ప్రభుత్వం తన వంతుగా 5 కోట్ల డాలర్లు ప్రకటించింది.

ఆ సదస్సు గుర్తుగా గచ్చిబౌలి వైపు బయోడైవర్సిటీ పార్కు వెలిసింది. దాని పేరుతో ఒక చౌరస్తా, తర్వాత ఒక ఫ్లైఓవరూ వచ్చాయి. ఇవాళ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే పిల్లలు 'బయోడైవర్సిటీ దగ్గర దిగుతాం' అంటే అది ఒక బస్టాపు పేరు. మాట గొప్పదైనా దాన్ని గురించి అడిగేవాళ్లు లేకపోతే అది కూడలి బోర్డు మీద పేరుగా మిగిలిపోతుంది.

లెక్కతో ఒరిగేదేమిటి?

'లెక్కలు రాసుకుంటే పిట్టలు తిరిగొస్తాయా?' అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు రాబందు కథలో ఉంది.

మన చిన్నతనంలో ఊరి చివర పశువు చస్తే రాబందుల గుంపు దిగేది. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా గంటల్లో ఎముకలు మిగిల్చి, ఊరికి రోగం రాకుండా చూసేవి. 1990లలో అవి క్రమంగా కనిపించడం మానేశాయి. ఎవరూ పట్టించుకోలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో పాత లెక్కలున్నాయి కాబట్టి, కొత్త లెక్కతో పోల్చి చూసిన శాస్త్రవేత్తలకి ప్రమాదం తెలిసింది. తెల్లనడుము రాబందు అనే రకమైతే, 1992లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒకటి మిగిలింది.

కారణం కోసం వెతికితే 2004లో దొరికింది. పశువులకి నొప్పులు తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై చచ్చిపోతోంది. 2006లో పశువుల వైద్యంలో ఆ మందుని మన ప్రభుత్వం నిషేధించింది. రాబందులకి హాని చెయ్యని మెలాక్సికామ్ అనే వేరే మందు వాడమన్నారు.

రాబందులు పోతే మనకేం నష్టం? కళేబరాలు కుళ్లి నీళ్లలో కలిశాయి, ఊరకుక్కలు పెరిగాయి, కుక్కకాట్లూ పెరిగాయి. రాబందులు మాయమైనందువల్ల 2000 నించి 2005 దాకా దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనంలో అంచనా వేశారు. ఒక పిట్ట పోవడం అంటే ఎక్కడో అడవిలో జరిగే సంగతి కాదని ఇంతకంటే ఎలా చెప్పగలం? భరత్‌పూర్‌లో ఆ పాత లెక్క లేకపోయి ఉంటే కారణం తెలియడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో! మాట ఇచ్చిన దేశాలు లెక్క రాయాలనీ, ఆ లెక్క నిజమైనదై ఉండాలనీ అడిగేది ఇందుకే.

మూడో గడువులో కొత్తదనం

2022 డిసెంబర్ 19న కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు ముచ్చటగా మూడోసారి మాటిచ్చాయి. ఈసారి లక్ష్యాలు 23. 2030 నాటికి నేలలో 30 శాతాన్నీ, సముద్రంలో 30 శాతాన్నీ కాపాడాలి. పురుగుమందుల వల్ల కలిగే ముప్పుని సగానికి తగ్గించాలి. ప్రపంచంలో వృథా అయ్యే తిండిని సగానికి తగ్గించాలి. జీవవైవిధ్యం కోసం ఏడాదికి 20 వేల కోట్ల డాలర్లు సమకూర్చాలి. మన పేజీ పాఠకులకి చెప్పాల్సిన మరో సంగతి: భూమి మీదా, అడవి మీదా, నిర్ణయాల్లోనూ ఆడవాళ్లకి సమాన హక్కులుండాలన్నది ఇందులో 23వ లక్ష్యం. చివర్లో పెట్టినా, పెట్టారు.

వెనకటి అనుభవంతో ఈసారి లెక్క చూసుకునే పద్ధతిని కూడా మాటతోపాటే రాసుకున్నారు. ముందుగా ప్రతి దేశమూ తన ప్రణాళికని ఈ 23 లక్ష్యాలకి తగ్గట్టు తిరగరాయాలి. తర్వాత 2026 ఫిబ్రవరిలో ఒకసారి, 2029 జూన్‌లో ఒకసారి నివేదిక ఇవ్వాలి. నివేదికలో ఎవరికి తోచిన కొలత వాళ్లు వాడకుండా, అందరికీ కొన్ని ఉమ్మడి కొలతలు పెట్టారు. రక్షిత ప్రాంతం ఎంత, జాతులు అంతరించే ముప్పు పెరిగిందా తగ్గిందా, ఒకే జాతిలో ఉన్న రకరకాల సంతతులు నిలిచే స్థితిలో ఉన్నాయా వంటివి. అవన్నీ ఒకచోట చేర్చి, ప్రపంచం మొత్తం ఎంత దూరం వచ్చిందో సమీక్షించడానికి ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో 2026 అక్టోబర్‌కి పెట్టుకున్న 17వ సదస్సునీ, తర్వాత 19వ సదస్సునీ నిర్ణయించారు.

బాగానే ఉంది. కానీ మొదటి మెట్టు దగ్గరే తడబాటు కనిపించింది. 2024 అక్టోబర్‌లో కొలంబియాలోని కాలీ నగరంలో సదస్సు జరిగేనాటికి ప్రణాళికలు తిరగరాసి తెమ్మంటే, 196 మందిలో ఆ సదస్సు ముగిసేసరికి తెచ్చినవాళ్లు 44 మందే. మన దేశం 23 జాతీయ లక్ష్యాలతో తన ప్రణాళికని ఆ సదస్సులోనే సమర్పించింది. చర్చలు సాగీ సాగీ గడువు దాటడంతో, ప్రతినిధులు విమానాలు అందుకోవడానికి వెళ్లిపోయారు. చాలినంత మంది లేక సభ మధ్యలో ఆగిపోయింది. మిగిలిన పని, అంటే ఈ కొలతలనీ సమీక్ష పద్ధతినీ ఖరారు చేయడం, 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో మళ్లీ కూర్చుని పూర్తిచేశారు.

సంఘంలో అడిగినట్టు అడగరు

స్వయం సహాయక సంఘం సమావేశం చూసినవాళ్లకి ఈ సమీక్ష అనే మాట కొత్త కాదు. పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదా ఎవరు కట్టలేదు అని అందరి ముందూ పుస్తకం చదువుతారు. వాయిదా తప్పినావిడని జైల్లో పెట్టరు. కానీ పదిమందిలో 'ఏమ్మా, ఏమైంది?' అని పేరు పెట్టి అడిగితే జవాబు చెప్పుకోవాలి. ఆ ప్రశ్నకి ఉన్న బలం వల్లే పుస్తకం సరిగ్గా నడుస్తుంది.

దేశాల దగ్గరకొచ్చేసరికి ఆ ప్రశ్నే లేదు. ఈ సమీక్ష సాయపడేదిగా ఉండాలి, దేశాల వ్యవహారాల్లో తలదూర్చకూడదు, శిక్షించకూడదు అని ముందే రాసుకున్నారు. ప్రపంచం మొత్తం ఎంత చేసిందన్నదే చూస్తారు గాని, ఫలానా దేశం ఎందుకు వెనకబడిందని నిలదీసే ఏర్పాటు లేదు. ఒక దేశం తనంతట తాను ఒప్పుకుంటేనే ఇతర దేశాల నిపుణులు వచ్చి చూసి సలహా చెబుతారు.

మరి పేరు పెట్టి అడిగేదెవరు? ఆలోచిస్తే ఆ పని మిగిలింది ఆ దేశపు మనుషులకే. మన దేశాన్ని అడగాల్సింది మనమే. అడగడానికి మనకి ఒక చట్టమూ, ఒక పుస్తకమూ కూడా ఉన్నాయి.

పంచాయతీలో ఉండాల్సిన పుస్తకం

రియోలో ఇచ్చిన మాట కోసం మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2003లో ఏర్పడింది. రాష్ట్రాల్లో జీవవైవిధ్య మండళ్లు వచ్చాయి. అన్నిటికంటే కింద, ప్రతి గ్రామ పంచాయతీలోనూ, పురపాలక సంఘంలోనూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో మహిళలు మూడోవంతుకి తగ్గకూడదని 2004 నాటి నిబంధనల్లోనే రాశారు. ఆ కమిటీ ముఖ్యమైన పని, ఊరివాళ్లని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయడం. ఊళ్లో ఏయే పంటలున్నాయి, ఏయే విత్తనాలు, పశువులు, చేపలు, మందుమొక్కలు, పళ్లచెట్లు ఉన్నాయి, వాటి సంగతి తెలిసినవాళ్లెవరు అన్నీ అందులో ఉండాలి.

చట్టం వచ్చి పదిహేనేళ్లు దాటినా చాలా రాష్ట్రాల్లో ఈ పుస్తకం ఊసే లేదు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లింది. 2020 జనవరి 31లోగా అన్ని ఊళ్లలోనూ కమిటీలూ రిజిస్టర్లూ పూర్తిచేయాలని, లేకపోతే రాష్ట్రం నెలకి 10 లక్షల రూపాయల చొప్పున కట్టాలని 2019లో ట్రిబ్యునల్ గట్టిగా చెప్పింది. దెబ్బకి పని పరుగెత్తింది. చూస్తుండగానే దేశంలో కమిటీల సంఖ్య 2 లక్షల 70 వేలు దాటింది. ప్రపంచ వేదికల మీద చెప్పుకోవడానికి చక్కని అంకె.

ఆ పుస్తకాల్లో ఏముందో చూడాలని నాకు ఆసక్తి కలిగింది. నూజివీడు వైపు మా బంధువుల ఊరొకటుంది. పెళ్లికి వెళ్లినప్పుడు, అక్కడ వార్డు మెంబరుగా చేసిన మా వరస వదినగారిని అడిగాను. 'అదా, పట్నం నించి ఎవరో కుర్రాళ్లు వచ్చారమ్మా, నాలుగు రోజులుండి రాసుకెళ్లారు, మా చేత సంతకాలు పెట్టించారు' అందావిడ. పుస్తకం తెప్పించి చూపించింది. పళ్లచెట్ల పేజీలో మామిడి అని ఒక్క ముక్క ఉంది.

నూజివీడు వైపు ఊళ్లో మామిడి అని ఒక్క ముక్క! పక్కనే కూర్చుని వడియాలు ఎండబెడుతున్న వాళ్ల అత్తగారు అది విని ఊరుకోలేకపోయారు. 'ఏ మామిడే? చిన్న రసమా, పెద్ద రసమా, పంచదార కలశా? పచ్చికాయ కొరుక్కు తినే కొత్తపల్లి కొబ్బరి రాయలేదూ? ఆవకాయకి జలాలు కావాలా వద్దా?' అంటూ వేళ్లమీద లెక్కపెట్టడం మొదలెట్టారు. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. ఏ చెట్టు ఎవరి పెరట్లో ఉండేదో, ఏది కొట్టేశారో కూడా చెప్పారు. ఆ ఊళ్లో అసలైన రిజిస్టర్ ఆవిడే. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఒకే జాతిలో ఎన్ని రకాలు నిలిచి ఉన్నాయన్నది ప్రపంచం ఇప్పుడు అడుగుతున్న కొలతల్లో ఒకటి అని పైన చెప్పుకున్నాం. ఊరి పుస్తకంలో మామిడి అని ఒక్క ముక్క రాస్తే, రేపు పది రకాల్లో తొమ్మిది పోయినా ఆ పుస్తకం ప్రకారం ఏమీ పోనట్టే!

తెలిసినవాళ్లు రాస్తే ఎలా ఉంటుంది?

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతానికి వెళ్తే దీనికి జవాబు దొరుకుతుంది. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు, వానాధారపు చెలకల్లో ఒకే చేనులో ఇరవై రకాల దాకా పంటలు కలిపి వేస్తారు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు... ఒకటి పోయినా ఒకటి చేతికొస్తుంది. విత్తనాన్ని బూడిదా, వేపాకూ కలిపి బుట్టల్లో దాచి, పేడతో మట్టితో అలికేస్తారు. పక్కింటివాళ్లకి విత్తనం ఇచ్చి, పంట వచ్చాక అంతకంటే ఎక్కువ కొలిచి తీసుకుంటారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2008లో మొదలైన సంగం రేడియోని నడిపేదీ వాళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ ఆడవాళ్లకి వచ్చింది. ఇళ్లలో ఎవరి బుట్టలో ఏ విత్తనం ఉందో వాళ్ల లెక్క తప్పదు. ఎందుకంటే వచ్చే ఏడు అదే వేసుకోవాలి, అదే తినాలి.

లాభంలో వాటా అన్న మాటకీ మన దగ్గర ఒక చిన్న ఉదాహరణ ఉంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి వనపర్తి జిల్లా అమరచింత నించి ఒక కంపెనీ రెండు టన్నుల ఎండు వేపాకు జపాన్‌కి ఎగుమతి చేసింది. చట్టం ప్రకారం ఆ కంపెనీ కట్టిన దాంట్లోంచి 55,035 రూపాయలు అమరచింత కమిటీకి వచ్చాయి, వేప మొక్కలు నాటడానికి. పెద్ద మొత్తం కాదు. కానీ వేపాకు మాది అని చెప్పుకోవడానికి అక్కడ ఒక కమిటీ ఉండబట్టే ఆ డబ్బు ఊరిదాకా వచ్చింది.

మరి మనమేం చేద్దాం?

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. మీ పంచాయతీలో గాని, మున్సిపాలిటీలో గాని జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉందా, అందులో ఆడవాళ్లెవరు అని అడగండి. చాలాచోట్ల సభ్యురాళ్లకే తాము సభ్యులమన్న సంగతి తెలిసి ఉండదు. రిజిస్టర్ చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాయండి. చూపిస్తే చదవండి. మీ ఊరి చెరువులో చేప పేరు, మీ అమ్మమ్మ వాడిన ఆకు పేరు, పెరట్లో చిక్కుడు పాదు పేరు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే గ్రామసభలో లేచి చెప్పండి. పుస్తకం ఒకసారి రాసి బీరువాలో పెట్టేది కాదు, ఎప్పటికప్పుడు చేర్చుకుంటూ పోవాల్సింది.

స్వయం సహాయక సంఘాలున్న చోట ఇది ఇంకా తేలిక. ఒక సమావేశంలో ఒక్క గంట, ఇంట్లో పెద్దావిణ్ణి వెంటబెట్టుకు రమ్మని, ఎవరికి తెలిసిన విత్తనాల పేర్లు వాళ్లు చెబితే చదువుకున్న అమ్మాయి రాసుకుంటే చాలు. పట్నంలో ఉన్నవాళ్లం మనకేం తెలుసు అనుకోవద్దు. మన కాలనీలో పదేళ్ల కిందటి చెట్టు ఏది కొట్టేశారో, చెరువు ఎంత మేర పూడ్చారో మనకంటే బాగా తెలిసినవాళ్లెవరు?

ఏటా మే 22న జీవవైవిధ్య దినం జరుపుతారు. 1992లో ఆ రోజునే నైరోబీలో ఈ ఒప్పందం ఖరారైంది. బడుల్లో పిల్లల చేత పులి బొమ్మలు వేయిస్తారు, ఒక మొక్క నాటి ఫొటో దిగుతారు. అది వద్దనను. కానీ ఆ రోజు పంచాయతీ అరుగు మీద ఊరి రిజిస్టర్ తీసి పేజీ పేజీ పైకి చదివే ఏర్పాటు చేయిస్తే, అంతకంటే గొప్ప పండగ ఉండదు. చదువుతుంటే ముసలావిడలు తప్పులు దిద్దుతారు. పిల్లలు వింటారు. సర్పంచిగారు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

2029లో మన ప్రభుత్వం ప్రపంచానికి ఇవ్వాల్సిన నివేదికలో ఏ అంకె ఉంటుందో మనం నిర్ణయించలేం. ఆ అంకె వెనక మన ఊరి పేజీ నిజంగా ఉందో లేదో చూడటం మాత్రం మన చేతిలో ఉంది. ఆ పేజీలో ఇంకా రాయాల్సిన పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే అడిగి రాసుకోవాలి.